ఇనుపచక్రములు, పల్లెబాటలు

ఉభాల దినములలో వంశధార, నాగావళుల యాయకట్టున దమ్ము పట్టుటకై ట్రాక్టర్లకుఁ దగిలించు ఇనుపచక్రములు (జనులు కేజివీల్సందురు) బురదలో రైతునకు మేలు చేయును. వానిని విప్పక చేనినుండి చేనికి నడపుటచేఁ దారుబాటలు చీలికలగుచున్నవి. చెడిన బాటపై 108 వాహనములోఁ బురిటికిఁ బోవు తల్లియు నా రైతు కూఁతురే కదా!

కోతల వేళ వేఱొక చిక్కు. పెద్ద కోతయంత్రపు ముందరి కత్తుల చట్రము సుమారు 14 అడుగులు, అనఁగా 4 మీటర్లకుఁ బైమాటయే. 2000 సంవత్సరమున నారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ పథకపు బాట వెడల్పో, సాధారణముగా 3.75 మీటర్లు! ఎదురు వచ్చు ఎడ్లబండి యెచటికిఁ దొలఁగవలెను?

ఉపాయము లేకపోలేదు. చట్రమును ఊడఁదీసి, చిన్నబండిపై నిడుపుగా నుంచి, వెనుక లాగికొని పోవచ్చును. ఇనుపచక్రములను తొట్టిలో వేసికొని పోయి చేని గట్టుకడ బిగింపవచ్చును. కాని అద్దె గంటలలెక్కది. విప్పి బిగించు కాలమునకు వెల యెవ రిత్తురు? రెండెకరముల రైతా? ఈ ప్రశ్నకు బదులు చెప్పక జరిమానాలు వ్రాయుట సులభము. కచేరి మెట్లపై రైతును నిలిపినంతమాత్రమున గోతులు పూడుట మేము చూచి యెఱుఁగము. యంత్రమునకు రాయితీ నిచ్చు ప్రభుత్వము ఈ బండికిని ఈయవలెను. పొలము మొగలందు మట్టివాలు వేయించుట పంచాయతీల పని. రానున్న ఉభాలకు ముందే యిది జరుగవలెనని మా కోరిక.