నీళ్లు అందనప్పుడు బోర్డు మార్చడమెందుకు?

వాషింగ్ మెషీన్ పని మధ్యలో ఆగిపోయి తెర మీద రెండక్షరాలు చూపినప్పుడు, పాడైన భాగం పేరును అది చెబుతున్నదని చాలామంది భావిస్తారు. నిజానికి ఆ ఎర్రర్ కోడ్, అంటే లోప సంకేతం, చాలాసార్లు నిర్ణీత వ్యవధిలో జరగవలసిన పని జరగలేదని మాత్రమే తెలుపుతుంది. ఈ తేడా తెలియకపోవడం వల్ల, నీటి పైపు దగ్గరి జాలీ కడిగితే తీరిపోయే ఇబ్బందికి కూడా ఖరీదైన కంట్రోల్ బోర్డు మార్పించుకునే ప్రమాదం ఏర్పడుతున్నది.

ఎల్‌జీ యంత్రాల్లో ‘ఐఈ’గా, శామ్‌సంగ్ యంత్రాల్లో ‘4సీ’ లేదా ‘4ఈ’గా కనిపించే సంకేతానికి అర్థం ఒక్కటే: లోపలికి చాలినంత నీరు చేరలేదు. నీటిని లోనికి వదిలే ఇన్‌లెట్ వాల్వు తెరుచుకున్న క్షణం నుంచి యంత్రం కాలాన్ని లెక్కపెడుతూ, టబ్బు అడుగు నుంచి పైకి సాగే సన్నని గొట్టంలోని గాలి ఒత్తిడిని బట్టి నీటి మట్టాన్ని అంచనా వేస్తూ, గడువులోగా ఆ మట్టం పెరగకపోతే పని ఆపేస్తుంది. కుళాయి కట్టేసి ఉన్నా, పైపు మెలిపడినా, జాలీలో ఇసుక నిండినా, వాల్వే కాలిపోయినా ఆ యంత్రానికి తెలిసేది నీరు రాలేదన్న ఒక్క సంగతే.

మిద్దె మీది ట్యాంకు నుంచి నీరు వాడుకునే తెలుగు ఇళ్లలో ఈ సంకేతానికి మరో ముఖ్య కారణం ఉన్నది. నీటి ఒత్తిడిని కొలిచే ప్రమాణం బార్. పది మీటర్ల ఎత్తున నిలిచిన నీరు దాదాపు ఒక బార్ ఒత్తిడినిస్తుంది. నమూనాను బట్టి 0.3 బార్, 0.5 బార్ లేదా అంతకన్నా ఎక్కువ కనీస ఒత్తిడి కోరే యంత్రాన్ని పై అంతస్తులో పెట్టి, ట్యాంకు కుళాయికి రెండు మీటర్ల ఎత్తులోనే ఉంటే, అందే ఒత్తిడి 0.2 బార్ దాటదు. కింది వాటాలో ఏళ్లతరబడి చక్కగా పనిచేసిన యంత్రమే పై వాటాకు మారగానే మొరాయించడానికి ఇదే కారణం కావచ్చు. ఇక్కడ కావలసింది ఒత్తిడి పెంచే చిన్న పంపు, కొత్త బోర్డు మాత్రం కాదు.

బోరు నీళ్లు వాడే చోట జాలీ సంగతి ముందుగా చూడాలి. ఆ నీటిలో కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లని పొరగా పేరుకుని, ట్యాంకు అడుగు మట్టితో కలిసి, పైపు యంత్రాన్ని కలిసే చోటనున్న వడపోత జాలీని మూసివేస్తాయి. ప్లగ్గు తీసి, కుళాయి కట్టి, పైపు విప్పి, జాలీని బయటికి లాగి పాత టూత్‌బ్రష్షుతో కడగాలి. అదే అదనుగా పైపు కొసను బకెట్టులో పెట్టి కుళాయి తిప్పితే ధార బలం ఎంతో కంటికే తెలుస్తుంది. నీరు బయటికి పోలేదని తెలిపే ‘ఓఈ’, ‘5సీ’ సంకేతాలు కనిపిస్తే, ముందు తలుపు యంత్రాల్లో కింది మూలనున్న పంపు ఫిల్టరును, నీరు చల్లారాక, తీసి చూడాలి. మోటారు, హీటరు, లీకేజీలను సూచించే సంకేతాల జోలికి ఇంటివారు పోకూడదు. ఆ పని మెకానిక్‌దే.

ఒకే లోపానికి కంపెనీకో సంకేతం ఉండటం, అర్థం వెతకడానికి పుస్తకం దొరకకపోవడం, దొరికినా అది ఇంగ్లిషులో ఉండటం వినియోగదారుకు జరుగుతున్న అన్యాయమే. యూరోపియన్ యూనియన్‌లో 2021 మార్చి 1 నుంచి అమలైన నిబంధనలు, ఈ యంత్రాల విడిభాగాలు పదేళ్లపాటు దొరకాలనీ, లోప సంకేతాల వివరాలను వృత్తి మెకానిక్‌లకు కంపెనీలు అందించాలనీ ఆదేశించాయి. భారత ప్రభుత్వం కూడా మరమ్మతు హక్కుపై 2022లో ఒక కమిటీని వేసి, అదే ఏడాది డిసెంబరు 24న ఒక పోర్టల్ ప్రారంభించి, గృహోపకరణాలను అందులో చేర్చింది. ఈ ప్రయత్నం ఇంటిదాకా రావాలంటే ప్రతి యంత్రం మీదా సంకేతాల పట్టిక తెలుగులో అతికించి ఉండాలి. అందుకయ్యే ఖర్చు కంపెనీలకు లెక్కలోనిది కాదు. అప్పటిదాకా కొనుగోలుదారులు దుకాణంలోనే ఆ పట్టిక అడిగి తీసుకోవాలి. బోర్డు పోయిందన్న మాట వినబడితే, నీటి ధారను, జాలీని పరీక్షించి చూపిన తరువాతే మార్పుకు ఒప్పుకోవాలి.