438–384 నుంచి 692–51కి: అమెరికా మెథడిస్టుల్లో మారింది మనసులా, ఓటర్లా?

2024 మే 1న అమెరికాలోని షార్లెట్ నగరంలో యునైటెడ్ మెథడిస్ట్ చర్చి మహాసభ ఒక పాత నిషేధాన్ని ఎత్తేసింది. స్వలింగ సంపర్కులు పాస్టర్లు కాకూడదన్నది ఆ నిషేధం. అనుకూలంగా 692 ఓట్లు, వ్యతిరేకంగా 51. సభలో దాని మీద చర్చ కూడా జరగలేదు. మర్నాడు, ఈ ఆచరణ క్రైస్తవ బోధనకు పొసగదంటూ 1972 నుంచి నియమావళిలో ఉన్న వాక్యాన్నీ కొట్టేశారు. ఇలాంటి వార్త వాట్సాప్‌లో మన దాకా వచ్చేసరికి "క్రైస్తవులంతా ఒప్పేసుకున్నారు" అని తయారవుతుంది.

కానీ ఇదే చర్చి, అయిదేళ్ల ముందు, 2019 ఫిబ్రవరిలో సెయింట్ లూయిస్‌లో కూర్చుని అదే నిషేధాన్ని ఇంకా గట్టిచేసింది. అప్పటి లెక్క 438–384. కామర్స్ చదివినవాళ్లకు ఇలాంటి రెండు అంకెలు పక్కపక్కన కనిపిస్తే ముందు వచ్చే అనుమానం ఒకటే: రెండుసార్లూ ఓటేసింది ఒకే జనమేనా?

కాదు. మధ్యలో ఏం జరిగిందో తెలియాలంటే ముందు ఆస్తుల సంగతి చూడాలి.

మెథడిస్టుల్లో ఊరి చర్చి భవనం ఆ ఊరివాళ్ల పేరు మీదే ఉంటుంది. అయితే వాళ్లు దాన్ని మొత్తం సంఘం తరఫున ట్రస్టుగా పట్టుకుని ఉన్నట్టు లెక్క. చందాలేసి కట్టుకున్నది వాళ్లే అయినా, సంఘాన్ని వదిలి వెళ్తే భవనం వెంట రాదు. మన వక్ఫ్ తెలిసినవాళ్లకు ఇది కొత్తేం కాదు, ముతవల్లి చూసుకుంటాడు గానీ యజమాని కాడు. తేడా ఏంటంటే, వక్ఫ్ చేసింది మళ్లీ వెనక్కి రాదు. వీళ్లు మాత్రం 2019లో ఒక తలుపు తెరిచారు. ఈ విషయంలో మనస్సాక్షి ఒప్పుకోని చర్చి భవనంతో సహా వెళ్లిపోవచ్చు. షరతుల్లో ముఖ్యమైనవి ఇవి: సమావేశానికి వచ్చిన సభ్యుల్లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి, సంఘానికి రెండేళ్ల వాటా సొమ్ము కట్టాలి, రిటైరైన పాస్టర్ల పెన్షన్‌లో తమ వంతు చెల్లించాలి. గడువు 2023 డిసెంబర్ 31.

గడువు ముగిసేసరికి అమెరికాలో 7,600కు పైగా చర్చిలు వెళ్లిపోయాయి. అంటే దాదాపు నాలుగో వంతు. వాటిలో చాలా వరకు 2022 మే 1న మొదలైన గ్లోబల్ మెథడిస్ట్ చర్చిలో చేరాయి, కొన్ని ఎవరితోనూ కలవకుండా ఉండిపోయాయి. వందమంది ఉన్న చర్చిలో అరవై మంది వెళ్దామన్నా లాభం లేదు, ఉండాల్సిందే. డెబ్బై మంది అన్నారనుకోండి, మిగిలిన ముప్పై మంది తమ నికాహ్‌లాంటి పెళ్లిళ్లు, తల్లిదండ్రుల అంత్యక్రియలు జరిగిన గోడల్ని వదులుకోవాలి. సిద్ధాంతం మీద మొదలైన గొడవ చివరికి కుటుంబాల మధ్య చేతులెత్తే ఓటింగ్‌గా మారింది.

అలా సంప్రదాయవాదుల్లో పెద్ద భాగం ముందే బయటికి వెళ్లిపోయింది. ఆఫ్రికా ప్రతినిధుల్లో చాలామంది వీసాలు, పత్రాలు వేళకు అందక షార్లెట్ చేరలేదు. 692కి వెనక ఉన్న లెక్క చాలావరకు ఇదే. కొందరి మనసులు మారి ఉండొచ్చు, కానీ అంతకంటే ఎక్కువగా గదిలో ఉన్న మనుషులు మారారు.

ఉండిపోయినవాళ్లంతా ఒకే మాట మీద ఉన్నారా అంటే అదీ లేదు. పెళ్లంటే స్త్రీపురుషుల మధ్యేనని నమ్ముతూ కూడా, చీలిక ఇష్టం లేక ఆగినవాళ్లు ఉన్నారు. అందుకే కొత్త నిర్వచనంలో వివాహం ఒక పురుషుడికి, ఒక స్త్రీకి మధ్య అని ఒక మాట, 'లేదా ఇద్దరు వయోజనుల మధ్య' అని ఇంకో మాట పక్కపక్కనే పెట్టారు. స్వలింగ వివాహం జరిపించిన పాస్టర్‌కూ శిక్ష లేదు, జరిపించనన్న పాస్టర్‌కూ లేదు. ఇటువైపు బెత్ స్ట్రౌడ్ లాంటివాళ్లు ఉన్నారు. తన భాగస్వామి స్త్రీ అని దాచకుండా చెప్పినందుకు 2004లో చర్చి విచారణ జరిపి ఆమె పాస్టర్ హోదా తీసేసింది. 2024 మేలో తిరిగి ఇచ్చింది, ఇరవయ్యేళ్ల తర్వాత.

ఆఫ్రికావాళ్ల కోపానికి మాత్రం ఇంకో కారణం ఉంది, అది నాకు న్యాయంగానే అనిపిస్తుంది. ఆ తలుపు అమెరికా చర్చిలకే తెరిచారు. షార్లెట్‌లో అదీ మూసేశారు. 2024 మే 28న పది లక్షలకు పైగా సభ్యులున్న ఐవరీ కోస్ట్ చర్చి బయటికి వెళ్లాలని తీర్మానించింది. హరారేలో విశ్వాసులు నిరసనకు దిగారు. నైజీరియాలో బిషప్పే గ్లోబల్ మెథడిస్టుల్లో చేరారు, కొందరు పాత సంఘంలోనే ఉండిపోయారు, ఆస్తుల మీద తగాదా ముదిరింది. ఆ డిసెంబర్‌లో తారాబా రాష్ట్రంలో జరిగిన హింసలో ముగ్గురు చనిపోయారు. వాళ్లలో ఇద్దరు పసిపిల్లలు. ఏ ప్రాంతం నియమాలు ఆ ప్రాంతమే రాసుకునే పద్ధతిని షార్లెట్ సభ ఆమోదించింది. అది ఖాయమైనట్టు 2025 నవంబర్‌లో బిషప్పులు ప్రకటించారు. వెళ్లిపోయినవాళ్లకు మాత్రం అది ఆలస్యంగా వచ్చిన మందు.

మరి మన హైదరాబాద్ మెథడిస్టుల సంగతి? అబిడ్స్‌లో వాళ్ల చర్చిలు, కాంప్లెక్స్, స్టాన్లీ స్కూలు మనకు కొత్త కాదు. మన ఇళ్ల ఆడపిల్లలు ఎందరో అక్కడ చదువుకున్నారు. షార్లెట్ వార్త చూసి అక్కడి టీచరమ్మనో, పాస్టర్ గారినో "మీవాళ్లు ఒప్పేసుకున్నారట కదా" అని నిలదీసేముందు కాస్త ఆగాలి. ఎక్కడో ఎవరో చేసినదానికి సంజాయిషీ అడిగితే ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. భారత మెథడిస్ట్ చర్చి 1981లోనే అమెరికా నుంచి విడివడి స్వతంత్ర సంఘమైంది. షార్లెట్ తీర్మానం దానికి వర్తించదు.