ఘాటు లేని చుట్ట అను వంచన



“ఘాటు తక్కువగా ఉండి, ఎక్కువ సేపు కాలెడి సిగారు ఏది?” అను ప్రశ్న మర్యాదస్థుల మధ్య వినబడుచున్నది. బీడీని చూచి మొగము చిట్లించుకొనువారు సైతము పెండ్లివిందు పిమ్మట ఒక మంచి సిగారు ముట్టించుట గౌరవ లక్షణమనుకొందురు. ఈ ప్రశ్నకు అంగడివాడు చెప్పు జవాబును ముందుగా నేనే చెప్పెదను. అతడు అబద్ధమాడడు. అయితే అతని జవాబు నీ నాలుకకే గాని నీ దేహమునకు కాదు.

పొగాకు మొక్క పైభాగమున ఎండ బాగుగా సోకిన ఆకు ఘాటైనది. అడుగు ఆకు తేలికైనది. లోపల అడుగు ఆకులు ఎక్కువగా పెట్టి, పైన అమెరికాలోని కనెక్టికట్ లోయలో గుడ్డ పందిళ్ల నీడను పెంచిన లేతరంగు ఆకు చుట్టినయెడల సిగారు నోటికి మెత్తగా ఉండును. పొడవును లావును హెచ్చినకొలది అది ఎక్కువ సేపు కాలును. చర్చిల్ అను కొలత గల సిగారు సుమారు 7 అంగుళముల పొడవుండును. తాపీగా కాల్చువానికి గంటకు పైగా పట్టును. అంగడివాని జ్ఞానము ఇంతే.

ఇప్పుడు నేనడుగు ప్రశ్నలు వినుము. మెత్తదనము ఎవరికి? నాలుకకు మాత్రమే. ఘాటు తగ్గినంత మాత్రమున విషము పోవునా? ఏ పొగాకు ఆకు కాలినను తారు పుట్టును, కార్బన్ మోనాక్సైడు వాయువుతో కూడ క్యాన్సరు కలిగించు పదార్థములు పుట్టును. లేతరంగు ఆకుకు ఈ నియమమునుండి మినహాయింపు లేదు.

“నేను పొగ మ్రింగను, నోటనే ఉంచుకొని విడుతును” అందువా? సిగారు పొగకు క్షారగుణము కలదు. కావున అందలి నికోటిను ఊపిరితిత్తులకు దిగనక్కరలేకయే నోటి లోపలి పొరగుండ రక్తములో చేరును. మ్రింగకున్నను బానిసత్వము తప్పదు. పెదవి, నాలుక, గొంతు, అన్నవాహిక ఆ పొగలో నానుచునే ఉండును.

ఇక ఎక్కువ సేపు కాలుట యన్న ఘనత సంగతి. ఒక సిగరెట్టులో 1 గ్రామునకు లోపుగా పొగాకుండును. పెద్ద సిగారులో 5 గ్రాములకు పైగా ఉండును. కొన్నిటిలో ఒక సిగరెట్టు పెట్టె అంతయు ఉండును. ఎక్కువ సేపు వచ్చునది ఎక్కువ విషము పోయునదే గదా! పాము నెమ్మదిగా కరచునని దానిని కొనితెచ్చుకొందుమా?

ఎక్కువ సేపు నిలుచు చుట్టను వెదకుట మన తీరమున ఎంతకు తెచ్చెనో చూడుము. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల పేద స్త్రీలలో అడ్డపొగ అను అలవాటు తరతరములుగా వచ్చినది. వెలిగించిన కొనను నోటి లోపల పెట్టుకొని చుట్ట త్రాగుదురు. అట్లు చేసిన గాలికి ఆరదు, నెమ్మదిగా కాలును, ఒక్క చుట్ట చాల సేపు వచ్చును. ఆ పొదుపునకు అంగిలి వెల అయినది. అంగిలి క్యాన్సరునకును ఈ అలవాటునకును గల సంబంధమును 1957లోనే మన వైద్యులు వ్రాసి ప్రకటించిరి. 1971లో ప్రకటింపబడిన మరియొక పరిశోధనలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి, అంగిలిపై కలుగు మార్పులను వివరించిరి. ఆ తల్లిని చూచి జాలిపడు పెద్దమనిషీ, ఆమె లేమిచేత వెదకినదానినే నీవు విలాసముకొరకు వెదకుచున్నావు. నిప్పు బయటనున్నంత మాత్రమున పొగ బయట ఆగదు.

“మా తాత చుట్ట త్రాగియు తొంబది ఏండ్లు బ్రదికెను” అని కొందరందురు. వరదలో ఏరు ఈది దరి చేరినవాడు ఆ కథ చెప్పుటకు మిగులును. మునిగినవాడు వచ్చి చెప్పడు. మరికొందరు “ఏడాదికొక్కటే” అందురు. అనుదినము కాల్చుటకంటె అది తక్కువ కీడే, కాదనను. అయితే ఏడాదికొక్కసారి ముట్టించువానికి మెత్తనిదేది, ఎక్కువ సేపు వచ్చునదేది అను విచారమెందుకు? అది అలవాటు అడిగించు ప్రశ్న.

సిగారును కానుకగా ఇచ్చువారికి ఒక మాట. 1862లో ఫోర్ట్ డోనెల్సన్ గెలిచిన అమెరికా సేనాని గ్రాంటు చేతిలో సిగారు ఉండెనని పత్రికలు వ్రాయగా, జనులు అభిమానముతో పెట్టెలకొలది సిగారులు పంపిరి. అటుపిమ్మట ఆయన దేశాధ్యక్షుడాయెను; 1885లో గొంతు క్యాన్సరుతో మరణించెను. పంపినవారిలో ఆయన కీడు కోరినవాడొక్కడును లేడు. అల్లునికి సిగారు పెట్టె కొనువాడా, నీ ప్రేమయు అట్టిదే కాకుండ చూచుకొనుము.

“మైల్డ్” అను మాట జనులను భ్రమపెట్టునని లోకమంతయు ఒప్పుకొన్నది. 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించి, 2004లో మన దేశము ఒప్పుకొన్న పొగాకు నియంత్రణ ఒడంబడికలో, ఒక పొగాకు సరుకు మరియొకదానికంటె తక్కువ హానికరమను తప్పు అభిప్రాయము కలిగించు మాటలలో దానిని పేర్కొనిరి. మాటను పెట్టెమీదనుండి చెరిపివేయుట ప్రభుత్వముల పని. దానిని నీ మనస్సులోనుండి చెరిపివేయుట నీ పని.

మానుట కష్టమే. తోడు కావలసినవారు 1800-11-2356 అను ప్రభుత్వ సహాయ సంఖ్యకు ఖర్చు లేకుండ ఫోను చేయవచ్చును. కావున ఏది మెత్తనిదని అంగడివానిని అడుగకుము. ఇది లేక ఒక నెల ఉండగలనా అని నిన్ను నీవే అడుగుకొనుము. ఉండగలిగితివా, ఇక కొననక్కరలేదు. ఉండలేకపోతివా, అది ఎంత మెత్తనిదో అప్పుడు తెలియును.