వర్తకుడు మంత్రి యైనచో

“ధనవంతునకు లంచముతో పని యేమి? అట్టివానినే మంత్రిగా నుంచిన ప్రజాధనము భద్రముగా నుండును” అని పెద్దలు పలువురు రచ్చబండ కడ ననుచుందురు. మన విద్యార్థులును వక్తృత్వ సభలలో నీ మాటనే పలికి చప్పట్లు పొందుట మేము చూచియున్నాము. ఇది యెంతవరకు నిజమో తెలియుటకు దూరదేశపు చరిత్ర నొకదానిని పరిశీలింతము.

మధ్య ఆసియాలో కిర్గిజ్ దేశ మను పర్వతమయమైన చిన్న దేశము గలదు. 1991లో సోవియట్ కూటమి విచ్ఛిన్నము కాగా నది స్వతంత్ర మయ్యెను. అచ్చటి తలాస్ సీమలో 1970లో జన్మించిన ఒమూర్బెక్ బాబనోవ్ మాస్కోలో వ్యవసాయ విద్య నభ్యసించి, చమురు వర్తకమున ధనము గడించి, ఆ దేశపు గొప్ప ధనవంతులలో నొకడని పేరొందెను. 2010లో ప్రజాగ్రహమునకు జడిసి అధ్యక్షుడు బాకియెవ్ పలాయితు డైన పిమ్మట జరిగిన యెన్నికలలో, బాబనోవ్ నడపిన రెస్పుబ్లికా పక్షము 120 స్థానములలో 23 గెలిచెను. 2011 డిసెంబరులో ఆయన ప్రధానమంత్రి యయ్యెను.

కాని యెనిమిది మాసములకే పదవి చేజారెను. ఆ యేట కుంతోర్ బంగారు గనిలో మంచు కదలి యుత్పత్తి తగ్గగా దేశాదాయము క్షీణించెను. ఆ తరుణముననే, ఒక టర్కీ సంస్థవలన విలువగల పందెపు గుఱ్ఱమును గొనెనను నపవాదు పుట్టెను. ఆయన దానిని ఖండించెను. అయినను మిత్రపక్షములు కొన్ని విడిపోగా 2012 సెప్టెంబరు 1న రాజీనామా చేసెను.

అపవాదు నిజమా కాదా యని తీర్పు చెప్పుట మా పని కాదు. వర్తకమున కానుక మర్యాద. పదవిలో నదియే సందేహమునకు మూలము. వర్తకుడు తన లెక్క తాను చూచుకొనిన చాలును. మంత్రి యందఱకు చూపవలెను. పేదవానిని లంచగొండి యని శంకించుట యెంత తప్పో, ధనికుని నిష్కళంకు డని నమ్ముటయు నంత తప్పు. ప్రజాధనమును కాపాడునది పాలకుని సంపద కాదు, బహిరంగమైన లెక్క. కావున పదవి నెక్కువాడు తన యాస్తిని ముందే ప్రకటించి, తన వర్తకమునకు సంబంధించిన నిర్ణయములనుండి తొలగియుండుట మేలని మా యభిప్రాయము.

ఈ చరిత్రలో రెండవ పాఠమును గలదు. 2017 అక్టోబరులో బాబనోవ్ అధ్యక్ష పదవికి పోటీచేసి, వోట్లలో సుమారు మూడవ వంతు పొంది, జెయెన్‌బెకోవ్ చేతిలో నోడెను. అంతట, ఓష్ పట్టణమున ఉజ్బెకుల యెదుట చేసిన ప్రసంగమున జాతివైరము రేపెనని యాయనపై నేరము మోపిరి. విదేశమున నుండియే రాజకీయములు విడిచితినని ప్రకటించి, 2019లో గాని యాయన స్వదేశమునకు మరలలేదు. ఓటమియే నేరముగా మారు చోట పోటీకి దిగువారు తగ్గుదురు. గెలిచినవారు పదవి విడుచుటకు జంకుదురు. ఆ జెయెన్‌బెకోవ్ సయితము 2020 అక్టోబరులో ప్రజల యలజడిచే పదవి వదలవలసి వచ్చెను గదా!

విద్యార్థులారా, మీలో కొందఱు వర్తకు లగుదురు, కొందఱు పాలకు లగుదురు. నేడు తరగతి నిధికిని, ఆటల చందాలకును లెక్క వ్రాయువారు మీరే. ఆ లెక్కను నెలనెలా నోటీసు బోర్డుపై నుంచుడు; ఎన్నికలో నోడిన సహపాఠిని ప్రక్కన కూర్చుండ బెట్టుకొనుడు. తల్లిదండ్రులారా, లెక్క యడిగిన నవమాన మని మీ పిల్లలకు నేర్పకుడు. అడుగుటయు, చెప్పుటయు నలవడిన చోటనే నమ్మకము నిలుచును.