బిళ్ళగన్నేరు వాకిట్లో ఉండనివ్వండి, నోట్లో వద్దు

బెంగళూరు వెళ్ళిన మన హిందూపురం వాళ్ళు వచ్చేటప్పుడు నర్సరీలో ఎర్ర సాల్వియా కుండీ ఒకటి కొనుక్కురావడం మామూలే. తులసి కుటుంబపు మొక్కే అది. చలికాలంలో చూడముచ్చటగా పూస్తుంది. నేనూ మా క్వార్టర్స్ ముందు రెండుసార్లు పెట్టాను. రెండుసార్లూ ఏప్రిల్ దాటలేదు.

గోడ వారగా ఎవరూ నాటకుండానే మొలిచిన బిళ్ళగన్నేరు మాత్రం నిక్షేపంగా ఉంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానకు కూడా నమ్మకం లేని మన సీమకు ఇదే తగిన పూలమొక్క అని నా అభిప్రాయం. చిన్న గుబురుగా ఉంటుంది, ఏడాది పొడుగునా పూస్తుంది, మేక ముట్టదు. ఎండ బాగా తగలాలి. నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. కొమ్మలు సాగిపోతే కొసలు తుంచండి, మళ్ళీ గుబురవుతుంది. పాలు అంటితే చేతులు కడుక్కోండి.

నా బాధంతా ఆ ఆకు గురించే. ఓ.పి.లో షుగరు వాళ్ళను "పరగడుపున ఏమైనా తీసుకుంటారా?" అని అడిగితే కొందరు తల వంచుకుని, "నాలుగు బిళ్ళగన్నేరు ఆకులు నములుతా సిస్టరమ్మా" అంటారు. ధర్మవరం నుంచి వచ్చిన ఒక నేతపని ఇల్లాలు ఆ నమ్మకంతో మాత్రలే మానేసింది. మగ్గం గుంట దగ్గర కాలికి తగిలిన చిన్న దెబ్బ పుండై, చివరికి వేలు తీసేయవలసి వచ్చింది. ఆమెను తప్పు పట్టలేను. మాత్రలకు డబ్బు కావాలి, ఆసుపత్రికి వస్తే ఆ రోజు కూలి పోతుంది. ఆకు ఊరికే దొరుకుతుంది.

ఈ మొక్క పుట్టిల్లు మడగాస్కర్ ద్వీపం. జమైకాలో కూడా షుగరుకు దీని కషాయం తాగేవారు. ఆ మాట విని 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే పరిశోధకులు ఎలుకల మీద పరీక్షించారు. నోటి ద్వారా ఇస్తే రక్తంలో షుగరు తగ్గలేదు. సూది ద్వారా ఇస్తే తెల్ల రక్తకణాలు పడిపోయి, ఎలుకలు ఇన్‌ఫెక్షన్‌తో చనిపోయాయి. ఆ దారిలోనే 1958లో విన్‌బ్లాస్టిన్ అనే కేన్సరు మందు వెలుగులోకి వచ్చింది. ఇదే మొక్క నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్‌ను పిల్లల రక్త కేన్సరుకు ఈనాటికీ వాడుతున్నారు. దాన్ని మిల్లీగ్రాముల్లో లెక్కగట్టి, నర్సు గ్లోవ్స్ వేసుకుని, నరంలోకే ఎక్కిస్తుంది. బయటికి కారితే అక్కడి కండ దెబ్బతింటుంది. అంత జాగ్రత్తగా వాడే మందుకు మూలమైన ఆకును మనం కొలతా లెక్కా లేకుండా నమలడమా?

గర్భిణులు, పాలిచ్చే తల్లులు అసలే ముట్టకూడదు. పేరు విని కొందరు పొరబడతారు గనుక ఇంకొక మాట. గన్నేరు వేరే చెట్టు, అది ఇంకా ప్రమాదం.

ఇప్పటికే నములుతున్నవారు ఈరోజే ఆపండి, మాత్రలు మాత్రం ఆపకండి. ఈసారి పరీక్షకు వచ్చినప్పుడు ఎన్నాళ్ళుగా తింటున్నారో నర్సుతో చెప్పండి. కోప్పడం. మాత్రలు కొనడం కష్టంగా ఉంటే అదీ చెప్పండి, తక్కువ ధర మాత్రలు ఏవి సరిపోతాయో డాక్టరుగారిని అడిగి చెబుతాం.