ఆ చేపను చెరువులో వదలకండి



వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయి. ఊరెళ్లే ముందు తేల్చుకోవాల్సిన పనుల్లో అక్వేరియం ఒకటి. ఇరవై రోజులు చేపలకు మేత ఎవరు వేస్తారు, నీళ్లు ఎవరు మారుస్తారు? ట్రాన్స్‌ఫర్ మీద వేరే ఊరికి మారే కుటుంబాలకైతే ఆ తొట్టిని మోసుకెళ్లడమే పెద్ద పని. అప్పుడు చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటే: "దగ్గర్లో చెరువులో వదిలేద్దాం, పాపం, బతికిపోతాయి." పిల్లలు చప్పట్లు కొడతారు. పెద్దవాళ్లు పుణ్యం అంటారు. ఈ నెల ఈ పేజీలో నేను మిమ్మల్ని అడగాలనుకున్నది ఒక్కటే, దయచేసి ఆ పని చేయకండి.

షాపులో "ట్యాంక్ క్లీనర్" అనో "సక్కర్ ఫిష్" అనో అమ్మే మచ్చల చేప మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. అద్దానికి నోరు అతికించుకుని పాచి గీరుకుంటూ ఉంటుంది. కొన్నప్పుడు వేలెడంతే. అది దక్షిణ అమెరికా నదుల చేప. చోటు, తిండి దొరికితే అడుగు దాటి పెరుగుతుంది. ఒంటి నిండా మెత్తని పొలుసులకు బదులు గట్టి ఎముక పలకలు, రెక్కలకు ముళ్లు. మన కొరమీను గానీ, కొంగ గానీ దాన్ని తేలిగ్గా మింగలేవు. గాలి కూడా పీల్చుకోగలదు కాబట్టి ఒడ్డున పడేసినా గంటల తరబడి చావదు. మురికి నీళ్లయినా దానికి ఇబ్బంది లేదు. ఒక జీవి కొత్త చోట పాతుకుపోవడానికి ఏమేం కావాలో అన్నీ దాని దగ్గర ఉన్నాయి.

ఆంధ్రలో, తెలంగాణలో చెరువులు, కాలువల మీద బతికే మత్స్యకారులకు ఇది కొత్త కాదు. పేపర్లలో "డెవిల్ ఫిష్", "దెయ్యం చేప" అని వచ్చే వార్తలు దీని గురించే. వలలో పడితే ముళ్లు కళ్లలో ఇరుక్కుంటాయి. విడదీయడం కుదరక వల కోయాల్సి వస్తుంది. తినడానికి కండ తక్కువ, సంతలో కొనేవాళ్లు ఉండరు. రోజంతా కష్టపడి లాగిన వలలో బొచ్చె, రాహు ఉండాల్సిన చోట ఇవి ఉంటే ఆ రోజు కూలీ పోయినట్టే, పైగా వల ఖర్చు. ఇంకో సంగతి. మగ చేపలు గుడ్లు కాపాడుకోవడానికి ఒడ్డు మట్టిలోకి బొరియలు తవ్వుతాయి. మన చెరువులన్నీ మట్టి గట్టును నమ్ముకుని నిలబడ్డవే అని మీకు గుర్తు చేయక్కర్లేదు.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు తూర్పు కనుమల నీటి వనరుల్లో ఈ చేప ఎంతవరకు పాకిందో చూశారు. వల వేసి కాదు. చెరువు నీళ్లు తెచ్చి, అందులో కరిగి ఉన్న డీఎన్‌ఏ ఆనవాళ్లను వెతికారు. వాళ్లు పరిశీలించిన చోట్లలో సగానికి పైగా ఇది కనిపించింది. (ఈ పరీక్ష ఎలా చేస్తారో 9వ తరగతిలో చెప్పిన రోజు బెల్ కొట్టినా పిల్లలు లేవలేదు. సిలబస్‌లో లేని పాఠానికి అలా జరగడం అరుదు.) అమెరికా నుంచి ఈ చేప ఈదుకుంటూ రాలేదు. అక్వేరియం వ్యాపారంలో వచ్చింది. తొట్టి నుంచి చెరువుకు మాత్రం మనలాంటి ఇళ్లు, పెంపకం కేంద్రాలే దారి. ఒక్క చేప వదిలితే ఏమవుతుంది అని మీరు అడగవచ్చు. కానీ ఆ ప్రశ్న ఈ కాలనీలో ఎన్ని ఇళ్లలో వేసుకుంటున్నారో కూడా ఆలోచించండి.

పుట్టినరోజు పార్టీల్లో చిన్న కవరులో నీళ్లు పోసి రంగు చేపను రిటర్న్ గిఫ్ట్‌గా ఇవ్వడం ఈ మధ్య ఫ్యాషన్ అయింది. నాకు ఇది బొత్తిగా నచ్చలేదు. తొట్టి లేని ఇంటికి చేపను పంపితే దానికి మిగిలేవి రెండే దారులు, చావడం లేదా చెరువు. తాబేళ్ల సంగతీ అంతే. కంటి వెనక ఎర్ర చార ఉండే ఆకుపచ్చ బుజ్జి తాబేలు అమెరికాది. రూపాయి బిళ్లంత ఉన్నప్పుడు ముద్దుగానే ఉంటుంది. నాలుగైదేళ్లకు పళ్లెమంత అయి, తొట్టి చాలక, వాసన వస్తుంటే దాన్ని కూడా చెరువుకే సాగనంపుతారు. పైగా తాబేళ్ల నుంచి పిల్లలకు సాల్మొనెల్లా అంటుకునే ప్రమాదం ఉంది. ఇక మన నక్షత్ర తాబేలును ఇంట్లో పెట్టుకోవడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమే. అదృష్టం కోసం అని ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

విదేశీ జాతి అనగానే బయటి నుంచి వచ్చినదంతా చెడ్డది అని పిల్లలకు చెప్పేయడం కూడా సరికాదు. గుంటూరు మిరప, మదనపల్లె టమాటా, జామ, బొప్పాయి, పలాస జీడిపప్పు, వీటన్నిటి పుట్టిల్లు అమెరికా ఖండాలే. పోర్చుగీసు ఓడలు రాకముందు మన కూరల్లో కారానికి మిరియాలే దిక్కు. మిరపకాయను వెనక్కి పంపుదామంటే నేనే ముందు ఒప్పుకోను. తేడా ఎక్కడంటే, మిరప మనం నాటిన మడిలోనే ఉంటుంది. ఆక్రమణ జాతి మడి దాటి పోయి, పక్కవాటి చోటు, తిండి, వెలుతురు లాక్కుంటుంది. 2023లో వచ్చిన ఐక్యరాజ్యసమితి అనుబంధ జీవవైవిధ్య వేదిక నివేదిక లెక్క ప్రకారం, మనుషుల వల్ల కొత్త చోట్లకు చేరిన జాతులు 37,000కు పైగా ఉంటే వాటిలో హాని చేసేవి 3,500కు పైగా. అంటే పదింట ఒకటి. ఆ ఒకటి ఏదో గుర్తుపట్టడమే అసలు చదువు.

ఇక్కడే నా ఫిర్యాదు ఉంది. నీట్‌కు చదివే ప్రతి పిల్లకూ 12వ తరగతి బయాలజీలో జీవవైవిధ్యం తరిగిపోవడానికి చెప్పిన నాలుగు కారణాలు కంఠతా వచ్చు. అందులో విదేశీ జాతుల దాడి ఒకటి. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో నైలు పెర్చ్ అనే చేపను వదిలితే అక్కడి సిక్లిడ్ చేపల్లో 200కు పైగా జాతులు అంతరించాయని ఆప్షన్లు చూడకుండానే చెబుతారు. అదే పేరాలో ఉన్న పార్థీనియం తమ స్కూల్ బస్ ఆగే చోట మోకాలెత్తు పెరిగి ఉంటే దాన్ని గుర్తుపట్టరు. తెల్ల పూల గడ్డి అంటారు. మన అమ్మమ్మలకు తెలిసిన పేరు, వయ్యారిభామ, వాళ్లకు చేరనే లేదు.

పోయిన టర్మ్‌లో 8వ తరగతికి ఇచ్చిన వీధి మొక్కల సర్వే గురించి ఒకరు డైరీలో రాశారు: "ఫీజు కట్టేది కలుపు మొక్కలు లెక్కపెట్టించడానికా?" కోపం నాకు అర్థమవుతుంది. టెర్మ్ ఎగ్జామ్స్ ముందు రెండు శనివారాలు పోయాయి. అయినా నా జవాబు అవుననే. పుస్తకంలో ఉన్న మొక్క, గేటు బయట ఉన్న మొక్క ఒకటేనని తెలియకుండా వచ్చే మార్కులు నిలిచేవి కావు. ఇంకో తల్లి రాసింది వేరే మాట: "మా బాబుకు డస్ట్ ఎలర్జీ, ఆ మొక్క ముట్టుకోనివ్వకండి." ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైనది. వయ్యారిభామ తగిలితే చాలామందికి చర్మం మీద దద్దుర్లు వస్తాయి, పుప్పొడి తుమ్ములను, ఆయాసాన్ని రేపుతుంది. అందుకే మా పిల్లలు దూరం నుంచి చూసి మ్యాపులో గుర్తు పెడతారు తప్ప ఒక్క మొక్క కూడా పీకరు. ఇకపై కూడా పీకరు.

పీకాల్సింది పెద్దవాళ్లు, అదీ పూత రాకముందు. ఒక్క మొక్క వేలకు వేలు గింజలు రాలుస్తుంది. పూలు వచ్చాక కోసి పక్కన పడేస్తే మనమే విత్తనాలు చల్లినట్టు. వాన పడి నేల మెత్తబడ్డాక, చేతులకు గ్లౌజులు, మూతికి మాస్కు పెట్టుకుని వేళ్లతో సహా లాగాలి. మీ అపార్ట్‌మెంట్ పక్క ఖాళీ ప్లాటు గురించి అసోసియేషన్ మీటింగులో ఒక మాట వేయండి, జూన్ చివరికల్లా. 1950లలో పుణెలో కంటపడిన మొక్క దేశమంతా పాకడానికి ఖాళీ ప్లాట్లు, రోడ్డు అంచులు ఎంత పనికొచ్చాయో! దీన్ని తినే పెంకు పురుగును 1980లలో మెక్సికో నుంచి, మన పంటలు తినదని పరీక్షించాకే తెచ్చారు. లేత రంగు వీపు మీద ముదురు గీతలుంటాయి. వానల్లో ఆకుల మీద కనిపిస్తే చంపొద్దని పిల్లలకు చెప్పండి. అయితే ఆ పురుగొక్కటే పని పూర్తి చేయలేదు, వానలు పోగానే అదీ మాయమవుతుంది.

గుర్రపుడెక్కను ఎలాగూ మీరు రోజూ చూస్తారు. అందమైన ఊదా పూల కోసం తెచ్చి తొట్టెల్లో పెంచిన మొక్కే అది. ఇప్పటికీ టెర్రస్ గార్డెన్ కోసం కొనేవాళ్లున్నారు. ఏటా యంత్రాలు పెట్టి చెరువుల్లోంచి లారీలకొద్దీ తీస్తారు, కొన్ని వారాలకే మళ్లీ కమ్ముకుంటుంది. ఎందుకంటే దానికి ఎరువు మన ఇళ్ల డ్రైనేజీ నుంచే నిరాటంకంగా అందుతోంది. మురుగు ఆపకుండా మొక్కను తీయడం అంటే మీటర్ తిరుగుతున్న ఆటోలో కూర్చుని చిల్లర లెక్కపెట్టుకోవడమే.

కొన్నిటి విషయంలో తీర్పు అంత తేలిక కాదు. సర్కారు తుమ్మను 1870ల చివర్లో కడప ప్రాంతంలో వంటచెరకు కోసం ప్రభుత్వమే నాటించింది, పేరులోనే ఆ సంగతి ఉంది. అది పచ్చిక బీళ్లను, చెరువు శిఖాలను మింగింది, నిజమే. కానీ దాని కట్టెతో పొయ్యి వెలిగించుకునే, బొగ్గు కాల్చి అమ్ముకునే కుటుంబాలున్నాయి. వాళ్లకు ఇంకో దారి చూపకుండా నరికేయమని గ్యాస్ స్టవ్ ఉన్న మనం చెప్పకూడదు. కోనోకార్పస్ మీద కూడా వాదనలు నడుస్తున్నాయి. తెలంగాణ దాన్ని హరితహారంలో నాటడం ఆపింది, గుజరాత్ 2023లో నిషేధించింది. దాన్ని ఆక్రమణ జాతి అనడానికి శాస్త్రవేత్తలందరూ ఒప్పుకోరు. నా అభిప్రాయం అడిగితే, ఉన్నవాటిని ఆదరాబాదరాగా నరకక్కర్లేదు. కొత్తగా నాటే చోట కానుగో, వేపో, పొగడో పెట్టుకుంటే సరిపోతుంది. మా క్యాంపస్‌కూ ఇదే అడిగాను.

2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి, ఆక్రమణ జాతుల దిగుమతిని, అమ్మకాన్ని, పెంపకాన్ని నియంత్రించే అధికారం కేంద్రానికి ఇచ్చారు. మంచిదే. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని 2000లోనే నిషేధించారు, అయినా ఇప్పటికీ చాటుమాటుగా పెంచి అమ్ముతూ పట్టుబడుతూనే ఉన్నారు. చట్టం చెరువు గట్టు మీద కాపలా కూర్చోలేదు. ఒకసారి నీళ్లలో కలిసి పిల్లలు పెట్టిన చేపను ఏ ప్రభుత్వమూ ఏరి తీయలేదు. అందుకే రాకుండా ఆపడమే చవక.

కాబట్టి ఈ సెలవులకు ముందు ఇలా చేయండి. అక్కర్లేని చేపలను, తాబేలును కొన్న షాపుకే తిరిగి ఇవ్వండి. చాలా షాపులు తీసుకుంటాయి, డబ్బు మాత్రం అడగకండి. లేదా తొట్టి ఉన్న ఇంకో ఇంటికి ఇవ్వండి. మన స్కూల్ పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెడితే తీసుకునేవాళ్లు దొరుకుతారు. చెరువు, కాలువ, బావి, గుడి కోనేరు, వీటిలో ఏదీ వద్దు. చనిపోయిన చేపను మట్టిలో పాతండి. తొట్టి నీళ్లను పూల మొక్కలకు పోయండి, డ్రైనేజీలోకి కాదు. నీటి మొక్కల ముక్కలు, నత్త గుడ్లు అందులో ఉంటాయి.

జూన్‌లో స్కూల్ తెరిచాక 8, 9 తరగతుల పిల్లలు ఒక షీటు ఇంటికి తెస్తారు. మీ వీధిలో ఉన్న పది మొక్కల ఫొటోలు, పేర్లు. ఇంగ్లిష్ పేర్లు వాళ్లు గూగుల్‌లో వెతుక్కుంటారు. ఇంట్లో అమ్మమ్మో, నానమ్మో, తాతయ్యో ఉంటే సెలవుల్లోనే వాళ్లతో కలిసి ఒకసారి నడవనివ్వండి. తెలుగు పేర్ల కాలమ్ వాళ్ల కోసమే పెట్టాను.