కదిలే ఇల్లు

ఉదయం ఏడున్నర వేళ రాయదుర్గం రోడ్డుమీద రెండు రకాల బస్సులు కనిపిస్తాయి. ఒకటి ఐటీ ఉద్యోగులను కార్యాలయాలకు చేరవేసేది. రెండవది వారి పిల్లలను పాఠశాలకు తీసుకుపోయే పసుపుపచ్చ బస్సు. ఒకే ఇంటివారు రెండు బస్సులెక్కి రెండు దిక్కులకు పోయి, చీకటిపడ్డాక మళ్లీ ఒకచోట చేరుతారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఈ రాళ్లగుట్టల నడుమ పెరిగిన జీవనవిధానమిది. అటువంటి కుటుంబానికి ఏడాదికొకసారైనా అందరూ ఒకే బండిలో ఒకే దిక్కుకు ప్రయాణించాలన్న కోరిక కలగడం సహజం. పాత స్కూలు బస్సును కొని, సీట్లు తీసివేసి, పడకలూ పొయ్యిగట్టూ అమర్చి, కదిలే ఇల్లుగా మార్చుకోవాలన్న ఆలోచన ఆ కోరికలో నుంచి పుట్టినదే.

ఈ ఆలోచన పాశ్చాత్యుల నుంచి అరువు తెచ్చుకొన్నదని కొందరు తేలికగా తీసిపారేస్తారు. అది సరికాదు. వెనుకటి రోజుల్లో గూడుబండి కట్టుకొని, బియ్యం, పప్పు, వంటపాత్రలు, ఎడ్లకు మేత సర్దుకొని జాతరకు పోయిన కుటుంబానికి ఆ బండే ఇల్లు. మేడారం జాతరకు ఎడ్లబండ్లమీద తరలివెళ్లి, బండి నీడనే వండుకొని తిని, అక్కడే రాత్రులు గడిపిన తరాలు తెలంగాణ పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య డేరాలు, పరివారం వెంటబెట్టుకొని, హైదరాబాదు మీదుగా సాగి, 1831 సెప్టెంబరులో గాని ఇల్లు చేరలేదు. ఇక 1982లో ఎన్.టి. రామారావు ఒక పాత షెవర్లె వ్యానును మార్పించి ‘చైతన్యరథం’గా చేసుకొన్న సంగతి తెలుగునాట తెలియనివారు అరుదు. ఆయన దానిమీద నిలబడి ప్రసంగించేవారు, అందులోనే విశ్రమించేవారు. కుమారుడు హరికృష్ణ దానిని నడిపేవారు. రాజకీయాలను పక్కనపెట్టి చూస్తే, తండ్రీకొడుకులు నెలల తరబడి రోడ్డుమీదనే బతికిన కదిలే ఇల్లది.

స్కూలు బస్సు ముచ్చట మాత్రం అమెరికాది. అక్కడ 1939లో న్యూయార్కులో జరిగిన ఒక సమావేశంలో స్కూలు బస్సులకు పసుపు రంగును ప్రమాణంగా నిర్ణయించారు. విచిత్రమేమంటే, ఆ దేశంలో అత్యంత ప్రసిద్ధికెక్కిన మార్పిడి బస్సు కూడా 1939 నాటిదే. కెన్ కేసీ అనే రచయిత 1964లో దానిని కొని, మిత్రబృందంతో దేశమంతా తిరిగాడు. చరిత్ర అతని పేరునే గుర్తుపెట్టుకొంది గాని, ఆ బస్సులో పడకలూ వంటగదీ స్నానపుగదీ ముందుగానే అమర్చినవాడు పదకొండుమంది పిల్లలున్న ఒక తండ్రి. పిల్లలను సెలవులకు తిప్పాలన్నదే అతని ఉద్దేశం. గుర్తింపు దక్కవలసింది నిజానికి ఆ తండ్రికే.

అయితే ముచ్చట వేరు, పని వేరు. సీట్ల బోల్టులు విప్పిన మరుక్షణం బస్సు తన వయసు చెబుతుంది. రబ్బరు పరుపు కింద నేలరేకు తుప్పుపట్టి ఉంటుంది. రేకు పైకప్పు వేసవిలో పెనంలా కాలుతుంది. చౌకగా దొరుకుతుందని లోపల థర్మకోల్ కుక్కితే అది ఇట్టే అంటుకొనే పదార్థం. రెండువందల లీటర్ల నీళ్లట్యాంకు పెడితే రెండువందల కిలోల బరువు ఒకే మూలన పడుతుంది. దానిని రెండు ఇరుసుల నడుమ, కిందిభాగంలో అమర్చకపోతే మలుపుల్లో బండి ఒరుగుతుంది. వంటగ్యాసు గాలికంటె బరువైనది, లీకైతే నేలమీదనే పేరుకొంటుంది. కనుక సిలిండరును విడిగా మూసిన పెట్టెలో ఉంచి, ఆ పెట్టె అడుగున బయటికి రంధ్రాలు వదలాలి. దీపాలకూ ఫ్యానుకూ వేరే బ్యాటరీ ఉండాలి. లేకుంటే తెల్లవారేసరికి ఇంజను స్టార్టు కాదు. బండి కదులుతున్నప్పుడు పిల్లలు పడకలమీద కాక, బెల్టులున్న సీట్లలోనే కూర్చోవాలి. అత్యవసర ద్వారానికి అడ్డంగా మంచం వేయరాదు. ఎంతో శ్రమపడి బస్సును అందంగా తీర్చినవారు కూడా ఈ చివరి రెండు విషయాల్లో పొరపడుతుంటారు.

ఇంతకంటె పెద్ద ప్రశ్న ఇంకొకటుంది. తెలుగు రాష్ట్రాల్లో పదిహేనేళ్లు దాటిన బస్సును విద్యాసంస్థలు పిల్లలకోసం నడపరాదు. అందువల్లనే ఆ వయసు బస్సులు చౌకగా అమ్మకానికి వస్తాయి. ఊరి పిల్లలకు పనికిరాదని పక్కన పెట్టిన బస్సు మన పిల్లలకు ఎలా పనికివస్తుంది? ఏడాదికి నాలుగుసార్లేగా తిరిగేదని కొందరి సమాధానం. బ్రేకుల రబ్బరూ, గొట్టాలూ, ఛాసిస్ తుప్పూ కిలోమీటర్లను బట్టి మాత్రమే కాదు, కాలాన్ని బట్టి కూడా పాడవుతాయి. నెలల తరబడి కదలకుండా నిలిచిన బండికి రోజూ తిరిగే బండికంటె ఎక్కువ తనిఖీ అవసరం. కనుక మార్చదలచినవారు ఇంకా ఆయుర్దాయమున్న, ఎనిమిది తొమ్మిదేళ్ల బస్సును ఎన్నుకోవాలి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. ఆ ఖర్చు భరించలేనివారు అద్దె బండితో సరిపెట్టుకోవడం చిన్నతనమేమీ కాదు.

చట్టం సంగతి మరింత చిక్కు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా యజమాని వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటనే గట్టిగా చెప్పింది. నిబంధనను తప్పుపట్టలేం, ఇష్టం వచ్చినట్టు కోసి అతికించిన బండ్లు ఎదుటివారి ప్రాణాలకు కూడా ముప్పే. కాని ప్రభుత్వం తలచుకొంటే మార్పిడి అసాధ్యమేమీ కాదు. 2020లో కోవిడ్ పరీక్షలకోసం ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ బస్సులు ‘సంజీవని’ వాహనాలుగా మారాయి. 2021లో కేరళ ప్రభుత్వం క్యారవాన్ పర్యాటక విధానాన్ని ప్రకటించింది. సినిమా తారల క్యారవాన్లు హైదరాబాదు రోడ్లమీద నిత్యమూ తిరుగుతూనే ఉంటాయి. తారలకు అందే సౌకర్యం నలుగురున్న మామూలు కుటుంబానికి అందకూడదనడానికి కారణమేమీ లేదు. ఎంత బరువు పెట్టవచ్చు, గ్యాసు ఎక్కడుండాలి, ఎవరు తనిఖీ చేయాలి అన్న వివరాలతో, సామాన్యుడు చదివి అర్థం చేసుకోగలిగే ఒక పత్రాన్ని రవాణాశాఖ తెలుగులో ప్రచురిస్తే సగం చిక్కులు తీరుతాయి.

అంతవరకు, బస్సు కొన్న తరువాత కాక, కొనకముందే ఆర్టీఏ కార్యాలయం మెట్లెక్కడం అవసరం. అనుమతి దొరికాక పసుపు రంగును కూడా మార్చి, ఆ మార్పును రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేయించాలి. ఆ రంగును చూసిన ప్రతి డ్రైవరూ లోపల బడిపిల్లలున్నారనే అనుకొంటాడు. రేపు ఏ ఘాట్ రోడ్డుమీదనో ప్రమాదం జరిగితే, బీమా సంస్థ తెరచి చూసేది కూడా ఆ పత్రాన్నే.